కుక్కపిల్లకి బీమా: పాలసీ కంటే ముందు డాక్టరు చీటీ చూడండి

(అమలాపురంలో పెంపుడు కుక్కల యజమానుల ముందు ఒక పశువైద్యుడు చేసిన ప్రసంగానికి అక్షర రూపం. చివర్లో సభ నుంచి వచ్చిన ప్రశ్నలు కొన్ని.)

నమస్కారమండి. కోనసీమ వాళ్లే కాక భీమవరం వైపు నుంచీ, యానాం నుంచీ కూడా వచ్చారట. సంతోషం. ఇవాళ మాట్లాడుకునేది ఒక్కటే విషయం. ఇంటికి కొత్తగా కుక్కపిల్ల వచ్చింది. దానికి ఆరోగ్య బీమా చేయించాలా, అక్కర్లేదా?

జవాబు ముందే చెప్పేస్తాను, చివరిదాకా ఊరించను. మీరు కుక్కని చూపించే డాక్టరు దగ్గర కాగితాలు పద్ధతిగా వస్తుంటే, ఒకేసారి ముప్పై నలభై వేలు తీయడం మీకు కష్టమైతే, ఆపరేషన్‌కీ ఆస్పత్రిలో చేర్చడానికీ వర్తించే పాలసీ తీసుకోండి. కాగితాలు రాని చోట మాత్రం ఎంత గొప్ప పాలసీ అయినా వద్దు, ఆ డబ్బు వేరే ఖాతాలో దాచుకోండి. టీకాలు రెండు దారుల్లోనూ తప్పవు. ఎందుకంటున్నానో ఇప్పుడు చూద్దాం.

మన వైపు పశువుల బీమా కొత్తేం కాదు. గేదె చెవికి ట్యాగ్ వేస్తారు, ఫోటో తీస్తారు, చచ్చిపోతే పోస్ట్‌మార్టం కాగితంతో పాటు ఆ ట్యాగ్ చూపించాలి. ట్యాగ్ ఊడిపోయిందంటే క్లెయిమూ ఊడినట్టే. ఈ అలవాటుతోనే చాలామంది కుక్క బీమా అన్నా 'చస్తే డబ్బులిస్తారు' అనుకుంటారు. ప్రభుత్వ రంగ కంపెనీలు ఎప్పటినుంచో అమ్ముతున్న కుక్కల పాలసీలు నిజంగానే ఆ తరహావి. కుక్క ఖరీదు ఎంతో డాక్టరు రాసిస్తాడు, ఆ మొత్తానికి బీమా, జబ్బుతోనో ప్రమాదంలోనో పోతే పరిహారం. వైద్యం ఖర్చుతో వాటికి పెద్దగా సంబంధం లేదు.

వైద్యం ఖర్చు ఇచ్చే పాలసీలు మన దేశంలో ఈమధ్యవే. బజాజ్ అలియాంజ్ 2020లో ఒకటి తెచ్చింది, తర్వాత ఇంకొన్ని ప్రైవేటు కంపెనీలు వచ్చాయి. వీటిని విభాగాలుగా అమ్ముతారు. ఆపరేషన్, ఆస్పత్రిలో చేరిక ఒక విభాగం. మరణం ఒకటి. బయటి రోగిగా చూపించుకునే ఖర్చు, అంటే ఓపీడీ, ఇంకొకటి. దొంగతనం లేదా తప్పిపోవడం వేరే. మీ కుక్క ఎవరినైనా కరిస్తే వచ్చే పరిహారం బాధ్యత వేరే. అన్నీ తీసుకుంటే ప్రీమియం పెరుగుతుంది. ఏజెంటు అన్నీ కలిపే చూపిస్తాడు, అది అతని పని. విడదీసి చూడటం మన పని.

మరణం విభాగం చాలా ఇళ్లకి అనవసరం. గేదె చస్తే పాడి పోతుంది, నెలకింతని వచ్చే రాబడి పోతుంది, మళ్లీ గేదెని కొనాలంటే అప్పు చేయాలి. ఇంట్లో కుక్క పోతే దుఃఖమే గానీ రాబడి పోదు. పైగా ఇచ్చేది కుక్క ఖరీదు వరకే. పన్నెండు వేలకు కొన్న ల్యాబ్రడార్‌కి లక్ష పరిహారం ఎవరూ ఇవ్వరు. పిల్లల్ని తీసి అమ్మేవాళ్లకి మాత్రం దీనితో పని ఉంటుంది. అయితే వాళ్లు కెన్నెల్ క్లబ్ ఇచ్చే జాతి సర్టిఫికెట్, కొన్న రశీదు రెండూ చూపించగలగాలి. పెంపకం వ్యాపారానికి ఆ పాలసీ వర్తిస్తుందో లేదో కూడా ముందే అడగాలి.

ఇక అసలు ప్రమాదం ఎప్పుడుంటుందో చూద్దాం. కుక్కపిల్లని ఎక్కువగా చంపేది పార్వో అనే వైరస్ జబ్బు. ఆరు వారాల నుంచి ఆరు నెలల మధ్యే దీని విజృంభణ. ముందు తిండి మానేస్తుంది, తర్వాత వాంతులు, ఆపైన ముక్కు పగిలే వాసనతో రక్త విరేచనాలు. వైరస్ సోకాక సాధారణంగా మూడు నుంచి ఏడు రోజుల్లో, ఒక్కోసారి రెండు వారాలకి బయటపడుతుంది. పెరట్లో మట్టిలో నెలల తరబడి, అనుకూలిస్తే ఏడాది దాకా బతుకుతుంది. అందుకే ఒక పిల్ల పార్వోతో పోయిన ఇంటికి వెంటనే ఇంకో పిల్లని తేవద్దంటాం. ఫినాయిల్ చల్లితే చావదు. గచ్చు కడగడానికి ఒక వంతు ద్రవ బ్లీచ్‌కి ముప్పై వంతుల నీళ్లు కలిపి, పది నిమిషాలు తడిగా ఉంచి, తర్వాత నీళ్లతో కడగాలి. మట్టి నేల మీద బ్లీచ్ కూడా సరిగా పని చేయదు.

ఇప్పుడు దీన్ని పాలసీ పక్కన పెట్టి చూడండి. మన దగ్గర కుక్కపిల్లని నలభై ఐదు రోజులకే, కొందరు ముప్పై రోజులకే అమ్మేస్తున్నారు. చాలా పాలసీలు రెండు మూడు నెలలు నిండితే గానీ తీసుకోవు, కొన్ని ఆరు నెలలంటాయి. తీసుకున్నాక కూడా జబ్బులకి పదిహేను రోజులో నెలో వెయిటింగ్ పీరియడ్. ఆ గడువులో వచ్చిన జబ్బుకి పైసా రాదు, పైగా అది పాత జబ్బుగా నమోదై తర్వాత కూడా మినహాయింపులో పడొచ్చు. అంటే పార్వో పొంచి ఉండే రోజుల్లో చాలా భాగం బీమా గొడుగు బయటే గడుస్తుంది. ఆ కాలానికి బీమా టీకాయే, ఇంకోటి లేదు.

టీకాల క్రమం చెబుతాను, రాసుకోండి. పార్వో, డిస్టెంపర్ లాంటి జబ్బులన్నిటికీ కలిపి వేసే టీకా ఒకటుంది, ఆరు నుంచి ఎనిమిది వారాలకి దాని మొదటి డోసు. తర్వాత మూడు నాలుగు వారాలకొకటి. చివరి డోసు పదహారు వారాలు నిండాక పడాలి. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటున్నారు. రెండు డోసులు వేయించి, మూడు నెలలకే అయిపోయిందనుకుంటారు. తల్లి పాల నుంచి వచ్చిన రక్షణ పిల్ల ఒంట్లో ఉన్నంతకాలం టీకాని పని చేయనివ్వదు. ఆ రక్షణ ఒక్కో పిల్లలో ఒక్కో వయసుకి తగ్గుతుంది. పదహారు వారాలు దాటాక వేసిన డోసే నమ్మకమైన డోసు. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక, తర్వాత ఏటా. జూలై 6న ప్రభుత్వ పశువైద్యశాలల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తుంటారు, వాడుకోండి. నులిపురుగుల మందు రెండు వారాల వయసు నుంచి పదిహేను రోజులకోసారి రెండు నెలలు నిండేదాకా, ఆ తర్వాత ఆరు నెలల వయసు వరకూ నెలకోసారి.

ఇంకో మాట. ఆ కలిపి వేసే టీకా సెవెన్ ఇన్ వన్నా, ఫైవ్ ఇన్ వన్నా అని డాక్టరుని అడగండి. ఫైవ్ ఇన్ వన్‌లో లెప్టో అనే జబ్బుకి రక్షణ ఉండదు. డెల్టాలో ఉంటూ లెప్టో లేని టీకా వేయించడం అర్థం లేని పని. ఎలుక మూత్రంతో నీళ్లలోకి, బురదలోకి చేరి, కుక్క కాలి పగుళ్ల గుండా లోపలికి పోయే జబ్బు అది. మనుషులకి వస్తే ఎలుక జ్వరం అంటున్నదీ దీన్నే. వరి చేలు, చేపల చెరువుల గట్లు, కాలవ నీళ్లు, వరద తీసిన లంక ఊళ్లు, ఎలుకలకి కరువా ఇక్కడ? లెప్టో టీకా రెండు నుంచి నాలుగు వారాల తేడాతో రెండు డోసులు పడాలి, ఏటా మళ్లీ వేయించాలి. ఒక్క డోసుతో వదిలేస్తే వేయించనట్టే.

టీకా పుస్తకాన్ని కొంచెం దగ్గరగా చూద్దాం, ఎందుకంటే క్లెయిమ్ సగం అక్కడే గెలుస్తుంది, అక్కడే ఓడుతుంది. ఒక వరుసలో ఏముండాలి? తేదీ. టీకా సీసా మీద నుంచి ఒలిచి అంటించిన స్టిక్కర్, దాని మీద బ్యాచ్ నంబరు, గడువు తేదీ. మళ్లీ ఎప్పుడు రావాలో ఆ తేదీ. డాక్టరు సంతకం, ముద్ర, ఆ ముద్రలో పశువైద్య మండలి రిజిస్ట్రేషన్ నంబరు. మొదటి పేజీలో కుక్క రంగు, పుట్టిన తేదీ, ఆడా మగా, మైక్రోచిప్ ఉంటే దాని పదిహేను అంకెలు. మందుల షాపులో సీసా కొనుక్కొచ్చి ఊళ్లో తెలిసినతనితో పొడిపించారనుకోండి, స్టిక్కర్ ఉన్నా సంతకం ఉండదు. ఆ సీసా రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలో ఉండి వచ్చిందో, పాలిథిన్ సంచిలో వేడెక్కి వచ్చిందో దేవుడికే తెలియాలి. చాలా పాలసీలు డిస్టెంపర్, పార్వో, లెప్టో, రేబిస్ లాంటి టీకా ఉన్న జబ్బులకి, టీకా వేయించిన రుజువు లేకపోతే ఖర్చు ఇవ్వం అని రాసే అమ్ముతాయి. పందెం పుంజుకి జీడిపప్పు, బాదంపప్పు లెక్కబెట్టి తినిపించే ఊళ్లు మనవి. కుక్క టీకా దగ్గరకొచ్చేసరికే చెయ్యి బిగుసుకుంటుంది.

సరే, పిల్ల ఆరు నెలలు దాటింది. ఇప్పుడు మన డెల్టాలో డబ్బు ఎక్కడ ఖర్చవుతుంది, అందులో పాలసీ ఎక్కడ పనికొస్తుంది?

పిడుదుల జ్వరం. ఎర్లీషియా, బెబీసియా అనే క్రిముల వల్ల వస్తుంది. మన ఉక్కకీ తేమకీ పిడుదులు ఏడాది పొడుగునా ఉంటాయి. కుక్క నీరసపడుతుంది, చిగుళ్లు పాలిపోతాయి, ముక్కు నుంచి రక్తం కారొచ్చు. రక్త పరీక్ష చేసి, ఎర్లీషియా అయితే డాక్సీసైక్లిన్ ఇరవై ఎనిమిది రోజులు ఇంట్లోనే వేస్తాం. జ్వరం తగ్గింది కదాని పదో రోజుకి ఆపితే తిరగబెడుతుంది. ఇదంతా ఓపీడీ ఖర్చే. ఆస్పత్రిలో చేర్చే పని పడకపోతే చేరిక పాలసీ నుంచి రూపాయి రాదు. వీధి కుక్కలతో కలిసిన కుక్కలకి మర్మాంగం దగ్గర వచ్చే గడ్డ, టీవీటీ అంటాం, దానికీ ఇదే కథ. వారానికొక విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్ చొప్పున నాలుగు నుంచి ఆరు. ప్రతిసారీ వచ్చి ఎక్కించుకుని వెళ్లిపోవడమే. ఇలాంటివి ఇస్తారా అని అడగాలి. కొన్ని పాలసీలు డేకేర్, అంటే రాత్రి ఉంచకుండా చేసే వైద్యం పేరుతో ఇస్తాయి, కొన్ని ఇవ్వవు.

పాము కాటు. తాచు, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటికీ కలిపి ఒకటే విరుగుడు మందు మన దేశంలో దొరుకుతుంది. సీసా పది మిల్లీలీటర్లు. కుక్కకి ఎన్ని సీసాలు పడతాయో ముందే చెప్పలేం. మందు కుక్క బరువుకి కాదు, ఎక్కిన విషానికి. చిన్న కుక్కకి తక్కువ సరిపోతుందన్న లెక్క ఇక్కడ పని చేయదు. రక్తపింజర కాటైతే మూత్రపిండాలు దెబ్బతిని రోజుల తరబడి సెలైన్లు, పరీక్షలు ఉంటాయి. బిల్లు నిజంగా పెరిగేది ఇలాంటప్పుడే, పాలసీ అక్కరకొచ్చేదీ ఇక్కడే. అయితే పాము కాటుని ప్రమాదం కింద తీసుకుంటారా, జబ్బు కిందా అన్నది తేల్చుకోండి. ప్రమాదమైతే చాలా పాలసీల్లో వెయిటింగ్ పీరియడ్ ఉండదు. విషం విషయంలోనూ అంతే. చేలో ఎలుకల మందు తిన్నా, వరి నారుమడికి తెచ్చిన గుళికల మందు నాకినా అది ప్రమాదం. పక్కింటివాడు పగబట్టి పెట్టాడంటే కొన్ని కంపెనీలు వేరే మెలిక పెడతాయి.

ఇక మింగడం. పళ్లు వచ్చే వయసు పిల్ల ఏదైనా మింగుతుంది. మన ఇళ్లలో అది కొబ్బరి డొక్క పీచు, మామిడి టెంక, చేపల గాలం. టెంక పేగులో అడ్డం పడితే రెండు రోజులు వాంతులు, కడుపు బిగుసుకుపోవడం, ఆపైన ఆపరేషన్ తప్ప దారి లేదు. ఆలస్యమైతే పేగు చచ్చి ఆ ముక్క కోసి కలపాలి. గాలం నోట్లో దిగితే దారం పట్టుకుని లాగకండి, ముల్లు ఇంకా లోతుకి పోతుంది. దారం కనిపించేలా వదిలేసి తీసుకురండి. ఎక్స్‌రేలో గాలం కనిపిస్తుంది, టెంక అంత స్పష్టంగా కనిపించదు, స్కానింగ్ కావాల్సి రావచ్చు.

దీనికి తోడు రోడ్డు ప్రమాదాలు. తొడ ఎముక విరిగితే ప్లేటు వేయాలి. మన చిన్న పట్టణాల్లో అన్ని చోట్లా ఆ సౌకర్యం ఉండదు. రాజమండ్రో, కాకినాడో, విజయవాడో పోవాలి, లేదా గన్నవరం పశువైద్య కళాశాల ఆస్పత్రికి. కారు ఖర్చు పాలసీ ఇవ్వదు. లంక నుంచి పడవ మీద తెచ్చినా అంతే.

ఆడ కుక్క అయితే ఇంకొకటి చెప్పి ముందుకెళ్తాను. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడ కుక్కకి వయసు మళ్లాక, ఎద తర్వాత నెలా రెండు నెలల్లో, గర్భసంచిలో చీము పట్టొచ్చు. అది అర్ధరాత్రి ఆపరేషన్. పాలసీ ఉంటే దానికి రావచ్చు, కానీ ముందే చేయించే స్టెరిలైజేషన్‌కి సాధారణంగా రాదు. చేయిస్తే మంచిది, మీ జేబులోంచే పెట్టుకోండి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. పాలసీలో 'ఆస్పత్రిలో చేరిక' అంటే ఏమిటని రాశారు? కొన్నిట్లో ఇరవై నాలుగు గంటలు లోపల ఉంచాలని ఉంటుంది. మన డెల్టాలో ఎన్ని క్లినిక్కులకి రాత్రి ఉంచుకునే గది ఉంది? పార్వో పిల్లకి పొద్దున సెలైన్ పెట్టి, సాయంత్రం ఇంటికి పంపి, రేపు మళ్లీ తీసుకురమ్మంటాం. అలా ఐదు రోజులు. వైద్యపరంగా అది సరిపోవచ్చు. కాగితం మీద మాత్రం అవి ఐదు ఓపీడీలు, ఒక్క చేరిక కూడా కాదు. ఆ నిర్వచనం చదవకుండా ప్రీమియం కట్టినవాళ్లే తర్వాత కంపెనీని తిడతారు.

అందుకే పాలసీ కొనే ముందు మీ డాక్టరు దగ్గరకెళ్లి చూడండి. రాత్రి ఉంచుకుంటారా, లేకపోతే ఎక్కడికి పంపుతారు? కేస్ షీటు, డిశ్చార్జి సారాంశం రాసిస్తారా? ల్యాబ్ రిపోర్టు మీద కుక్క పేరుతో పాటు మీ పేరు, తేదీ పడతాయా? బిల్లు నంబరుతో వస్తుందా, లేక చిన్న చీటీ మీద మొత్తం ఒక్కటే అంకె వేస్తారా? మందుల షాపు బిల్లులోని ప్రతి మందూ డాక్టరు చీటీలో ఉండాలి, లేనిది కొట్టేస్తారు. ప్రభుత్వ పశువైద్యశాలలో చూపిస్తే ఓపీ నంబరు, చీటీ మీద ముద్ర అడిగి తీసుకోండి. అక్కడ మందులు బయట కొనమంటే ఆ చీటీయే మీ ఆధారం.

గోపాలమిత్ర, కాంపౌండరు, పశువుల మందుల షాపాయన, వీళ్లతో వైద్యం చేయించి ఆ ఖర్చు అడిగితే రాదు. భారత పశువైద్య మండలి చట్టం 1984 ప్రకారం రిజిస్టరైన డాక్టరు రాసిందే చెల్లుతుంది. వాళ్ల సేవని తక్కువ చేయడం లేదు, పల్లెల్లో పాడి నిలబడింది వాళ్ల వల్లే. కానీ బీమా కంపెనీకి కావాల్సింది ఆ రిజిస్ట్రేషన్ నంబరు. మీ ఊళ్లో కుక్కని చూసేది వాళ్లే అయితే, డాక్టరు దగ్గరకి వెళ్లడం నిజంగా కుదరని పని అయితే, పాలసీ మాట మర్చిపోండి.

ఇప్పుడు అంకెలు. ఇవి ఏ కంపెనీవీ కావు, లెక్క అర్థం కావడానికి వేసుకున్నవి. బీమా మొత్తం యాభై వేలు, ప్రీమియం పన్నుతో కలిపి ఏడాదికి నాలుగు వేలు. ప్రతి క్లెయిమ్‌లో మొదటి రెండు వేలు మీరు పెట్టుకోవాలి, మిగిలిన దాంట్లో ఇరవై శాతం మీ వాటా. ఎముక ఆపరేషన్ బిల్లు 38,000. అందులో తిండి, మెడ పట్టీ, ప్రయాణం లాంటి చెల్లనివి 3,000 తీసేస్తే 35,000. రెండు వేలు తీస్తే 33,000. దానిలో మీ ఇరవై శాతం 6,600. చేతికొచ్చేది 26,400. అదే ముందు ఇరవై శాతం తీసి, తర్వాత రెండు వేలు తీస్తే 26,000 వస్తుంది. ఏది ముందు తీస్తారో పాలసీలో ఉంటుంది. ఇక చేరికతో కూడిన 9,000 రూపాయల పార్వో బిల్లుకి 5,600 వస్తుంది. 1,800 బిల్లుకి సున్నా.

ఇందులో తెలిసేదేమిటి? చిన్న బిల్లులకి పాలసీ ఎందుకూ పనికిరాదు. ఐదేళ్లు కట్టిన ప్రీమియం ఇరవై వేలు, వయసుతో పెరిగితే ఇంకా ఎక్కువ. ఐదేళ్లలో ఒక్క పెద్ద ఆపరేషన్ పడితే గిట్టుబాటు, పడకపోతే పోయినట్టే. పోవడం నష్టమేం కాదు, ఏమీ జరగలేదని సంతోషించాలి. ఓపీడీ విభాగం మాత్రం నా లెక్కలో దండగ. దాని ప్రీమియానికీ, దాని పరిమితికీ తేడా తక్కువ. మీ డబ్బే కాస్త తరుగు తీసి మీకు తిరిగివ్వడానికి కంపెనీ ఎందుకు మధ్యలో?

పాలసీ వద్దనుకుంటే నెలకి ఐదొందలు విడిగా వేయండి. మూడేళ్లకి పద్దెనిమిది వేలు, వడ్డీ అదనం. సేవింగ్స్ ఖాతా అయితే మేలు. పోస్టాఫీసు ఆర్‌డీ ఐదేళ్లది, మూడేళ్లు నిండకుండా మూయనివ్వరు. కుక్క కాలు ఆ గడువు చూసి విరగదు కదా. ఈ దారిలో లోపం కూడా చెప్పాలి. మొదటి ఏడాదే దెబ్బ తగిలితే ఖాతాలో ఆరు వేలు కూడా ఉండవు. అందుకే కొందరికి మొదటి మూడు నాలుగేళ్లు పాలసీ, పక్కన కొద్దికొద్దిగా పొదుపు, నిధి పెరిగాక పాలసీ మానేయడం సరిపోతుంది. ఆదాయపు పన్నులో ఆరోగ్య బీమాకిచ్చే మినహాయింపు కుక్క పాలసీకి రాదు, అది మనుషులకే.

జాతుల సంగతి త్వరగా చెబుతాను. పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకి శ్వాస ఇబ్బంది, ల్యాబ్‌కీ జర్మన్ షెపర్డ్‌కీ తుంటి కీలు జబ్బు వంశపారంపర్యంగా వచ్చేవి. చాలా పాలసీలు వీటిని మినహాయిస్తాయి. అంటే ఆ జాతిని చూసి ఏ జబ్బుకి భయపడి పాలసీ కొంటున్నారో, సరిగ్గా ఆ జబ్బే అందులో ఉండకపోవచ్చు. రాట్‌వీలర్, డాబర్‌మన్ పిల్లలకి పార్వో మరీ తీవ్రంగా వస్తుంది, టీకా ఒక్క రోజు కూడా వెనక్కి నెట్టకండి.

నేను తీసుకోమనే అదనపు విభాగం ఒకటుంది, ఇతరులకి జరిగే హాని. పెద్ద కుక్క, వీధి గేటు, స్కూలు పిల్లలు వెళ్లే దారి, ఈ మూడూ ఉన్న ఇల్లైతే ఆలోచించండి. కరిచిన వ్యక్తి పరిహారం అడిగితే ఈ విభాగం ఆదుకుంటుంది. క్రిమినల్ కేసులో జరిమానా మాత్రం ఏ పాలసీ కట్టదు. భారతీయ న్యాయ సంహిత 291 సెక్షన్ కింద జంతువు విషయంలో నిర్లక్ష్యానికి ఆరు నెలల దాకా జైలు, ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

ప్రశ్నలుంటే అడగండి.

(సభ నుంచి: మాది ఊరకుక్క పిల్లండి, తెచ్చి పెంచుకుంటున్నాం. దానికి చేస్తారా?)

కొన్ని కంపెనీలు చేస్తాయండి, కొన్ని జాతి కుక్కలకే అంటాయి. మరణం విభాగంలో ఖరీదు చూపించలేరు కాబట్టి అది వదిలేయండి. వైద్యం ఖర్చుకి ఖరీదుతో పని లేదు. గుర్తింపు ముఖ్యం. గోధుమ రంగు ఊరకుక్కలు పదింటిని వరసగా నిలబెడితే మీది ఏదో కంపెనీకి ఎలా తెలుస్తుంది? అందుకని మైక్రోచిప్ వేయించండి. భుజాల మధ్య చర్మం కింద సూదితో వేస్తారు, మత్తు అక్కర్లేదు. చిప్ నంబరు టీకా పుస్తకంలో, ప్రపోజల్‌లో అంటే పాలసీ దరఖాస్తులో, ప్రతి కేస్ షీటులో ఒకేలా పడాలి. ఒక్క అంకె తేడా వచ్చినా తిప్పి పంపుతారు.

(సభ నుంచి: పిల్ల కాస్త కుంటుతోంది. ముందు పాలసీ తీసుకుని తర్వాత చూపిస్తే?)

వద్దండి. మొదటిసారి చూపించినప్పుడు 'రెండు నెలలుగా కుంటుతోంది' అని మీ నోటితోనే చెబుతారు, డాక్టరు అదే రాస్తాడు. ఆ వాక్యంతో క్లెయిమ్ పోతుంది, నిజం దాచారని పాలసీ కూడా రద్దవుతుంది. ముందు చూపించండి. బెణుకైతే బెణుకని, నయమైందని రాయించుకోండి. అప్పుడది పాత జబ్బు కాదని చూపించుకోవచ్చు.

(సభ నుంచి: క్లెయిమ్ ఇవ్వకపోతే ఎవరికి చెప్పుకోవాలి?)

ముందు జాగ్రత్త చెబుతాను. కుక్కని చేర్చిన రోజే కంపెనీకి ఫోన్ చేసి, ఈమెయిల్ కూడా పెట్టండి. చాలావాటిలో ఇరవై నాలుగో నలభై ఎనిమిదో గంటల గడువుంటుంది. చనిపోతే పూడ్చే ముందే తెలియజేయాలి, పోస్ట్‌మార్టం అడగొచ్చు. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా తీసుకుని, కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. నెల దాటినా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు మీకు నచ్చకపోయినా ఏడాదిలోపు బీమా తగవులు తేల్చే అంబుడ్స్‌మన్ దగ్గరకి వెళ్లొచ్చు. మనకి హైదరాబాద్ కార్యాలయం. యానాం పుదుచ్చేరిలో భాగమైనా ఆ కార్యాలయం కిందకే వస్తుంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. బీమా కంపెనీల నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లోనూ నమోదు చేయొచ్చు, 155255కి ఫోనూ చేయొచ్చు.

(సభ నుంచి: మా పిల్లకి ఐదు నెలలు. ఒక్క టీకా పడింది, తర్వాత వరదల్లో కుదరలేదు. ఇప్పుడు పాలసీ తీసుకోవచ్చా?)

ముందు టీకాలు పూర్తి చేయండి. వయసు పదహారు వారాలు దాటింది కాబట్టి రేపే ఒక సెవెన్ ఇన్ వన్, మూడు వారాలకి ఇంకొకటి. దాంతో లెప్టో రెండు డోసులూ సరిపోతాయి. రేబిస్ కూడా రేపే వేయించొచ్చు, ఏడాదికి మళ్లీ. వరద నీళ్లలో తిరిగిందంటున్నారు కాబట్టి తిండి తగ్గడం, కళ్లు పచ్చబడటం, మూత్రం రంగు మారడం ఏమైనా కనిపిస్తే టీకాకి ముందే రక్త పరీక్ష చేయించండి. రెండో డోసు స్టిక్కర్ పుస్తకంలో పడ్డాక, ఆ పేజీ ఫోటో జత చేసి ప్రపోజల్ పెట్టండి. వెయిటింగ్ పీరియడ్ పాలసీ మొదలైన తేదీ నుంచి లెక్క, మీరు డబ్బు కట్టిన తేదీ నుంచి కాదు. రెండూ ఒకటేనేమో కాగితంలో చూసుకోండి.